మీ నోట్సులో ఒక దిద్దుబాటు

భాస్కరంగారికి నమస్కారాలు. ఫోన్ చేస్తే మాట మార్చేస్తారని ఉత్తరం రాస్తున్నానండి.

మీరు రిటైరయ్యాక కాకినాడ డయాగ్నస్టిక్ ల్యాబులో సర్వరు పని ఓనరుగారు నాకే అప్పగించారు. కంప్యూటరుకి వరసగా కమాండ్లిచ్చే షెల్ స్క్రిప్టులు నేర్చుకుందామని నెల్లాళ్ళు వీడియోలు చూశాను. ఇది టైపు చెయ్యి, అది టైపు చెయ్యి అనేవాళ్ళే గాని, ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. మీరున్నప్పుడు ఏదడిగినా "మాన్యువల్ చూడమ్మా" అనేవారు. ఒళ్ళు మండేది నాకు.

మొన్న సర్వర్లో మీ నోట్సు ఫైలు దొరికింది. ఒక్కో కమాండు ఏం చేస్తుందో, దాంతో మీరెక్కడ దెబ్బతిన్నారో, అంతా తెలుగులో ఉంది. అది చదివాకే, రోజూ రిపోర్టులు కాపీ చేసే స్క్రిప్టు సొంతంగా రాశాను. ఒక్క తప్పు రాలేదు. మీ పుణ్యమేనండి.

ఫైళ్ళు చెరిపే కమాండు దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఫోల్డరు పేరు మధ్య ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. నేను పెట్టలేదు. 'పిఠాపురం పాతవి' చెరపబోతే కంప్యూటరు రెండు పేర్లనుకుని, 'పిఠాపురం' ఫోల్డర్లో ఉన్న ఆ బ్రాంచి కొత్త రిపోర్టులన్నీ చెరిపేసింది" అని రాశారు.

ఆ రోజు ఆ కమాండు కొట్టింది నేనండి. నాతో "డిస్కు పాడైందమ్మా" అన్నారు. ఓనరుగారి చేత మాటలు పడింది మీరు. నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

సోమవారం కొత్తగా చేరేవాళ్ళకి మీ నోట్సే ఇస్తున్నాను. డాక్యుమెంటేషన్లో అబద్ధం ఉండకూడదని మీరే అనేవారు కదా. అందుకని ఆ ఒక్క చోట "నేను" తీసేసి నా పేరు రాశాను. కోప్పడకండి.

మీ దగ్గర పని నేర్చుకున్న,
పాత అసిస్టెంటు