పదకొండు సీసాలు

మార్చి 4, మంగళవారం

ఆసుపత్రి లాండ్రీలో పదకొండు కిట్లు పంచి ఇవాళ్టికి రెండు వారాలు. ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు.

పెద్దపేగు కేన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్ష ఇది. వేలెడంత సీసా, మూతకే ఒక పుల్ల. దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ పుల్లతో మలంలో నాలుగుచోట్ల గుచ్చి, సీసాలో పెట్టి మూత బిగిస్తే చాలు. కంటికి కనపడని రక్తం ఉన్నా ల్యాబులో తెలుస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

వాళ్ళకు అడ్డం వస్తున్నది భయం కాదు, సిగ్గు. పైనున్న ఆరు వార్డుల దుప్పట్లూ కిందికి వీళ్ళ దగ్గరికే వస్తాయి. ఎవరెవరి నెత్తురో, ఎవరెవరి మలమో దులిపి మిషన్లో వేస్తారు. తమది మాత్రం పుల్లకు అంటించాలంటే ఛీ అని ముక్కు మూసుకుంటారు!

మేస్త్రమ్మ అక్కడి పెద్ద. మేమంతా గుండ్రాళ్ళలా ఉన్నాం, మాకెందుకమ్మా ఈ పరీక్షలు అంది. ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే బొంగరం అయితే, అంతగా కావాలంటే నాలుగు దుప్పట్లు పట్టుకెళ్ళు నర్సమ్మా, వాటిల్లో నీకు కావలసినంత ఉంది అంది. అందరూ పడీపడీ నవ్వారు. కాలు ఒకచోట నిలవదని ఆమెకు ఆ పేరు. నోట్లో నువ్వుగింజ నానదు. నేను నర్సును కాను, వట్టి హెల్త్ వర్కర్‌ని అని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

వచ్చేస్తుంటే, ఇంతకీ నువ్వు చేయించుకున్నావా అని అడిగింది. ఎప్పుడో చేయించుకున్నాను అన్నాను.

నా కిట్టు బీరువాలో తువ్వాళ్ళ వెనకాల ఉంది. నాలుగు నెలలుగా.

మార్చి 6, గురువారం

మీటింగులో మా క్లినిక్ మేడమ్ అందరి ముందూ కడిగి పారేసింది. మిగతా వర్కర్లందరి కిట్లూ సగానికి పైగా తిరిగి వచ్చాయట. నాది సున్నా. నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదట. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది మరేమిటో.

మార్చి 7, శుక్రవారం

భోజనాల వేళ లాండ్రీకి వెళ్ళి, మీరు సీసాలు ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుంది అని చెప్పాను. అబద్ధం. పోదు. ఇంకో నాలుగు మాటలు పడతాను, అంతే. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. అవి మాత్రం ఎలా వచ్చాయో వచ్చాయి.

ఎవరూ నవ్వలేదు. బొంగరం కూడా.

మార్చి 10, సోమవారం

వచ్చాయి! సంచిలో పదకొండు సీసాలు. మేస్త్రమ్మ స్వయంగా క్లినిక్‌కు తెచ్చిచ్చింది. అన్నిటి మీదా పేర్లు, తేదీ శుభ్రంగా రాసి ఉన్నాయి. రిజిస్టరు రాసే చెయ్యి కదా. నాకు గంతేసినంత పనైంది. మేడమ్ భుజం తట్టింది. ఇంటికొచ్చి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి కూడా విన్నాడు పాపం.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం

ల్యాబు నుంచి ఫోను. పదకొండుకు పదకొండూ పాజిటివ్. ఏమ్మా, మీ లాండ్రీ అంతా కలిపి ఒకటే కడుపా అని ల్యాబు అతను నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. వందమందిలో ఏ అయిదారుగురికో వచ్చేది పదకొండుమందికి పదకొండుమందికీ ఎలా వస్తుంది? ఒకటే కడుపు. అంతే అయి ఉంటుంది.

సాయంత్రం

అడిగాను. లాండ్రీకి వెళ్ళి, అందరి ముందూ. మేస్త్రమ్మ నోరు విప్పింది. నీ ఉద్యోగం పోతుందని ఏడ్చావు కదా. మాకేమో చేతులు రాలేదు. ఒకతి ముందుకొచ్చి, అన్నీ నేను నింపేస్తాను, మీరు ఊరుకోండి అంది. ఎవరిదైతే ఏముందిలే, లెక్కకు సీసాలేగా అనుకున్నాం అంది.

ఎవరు అన్నాను. చెప్పం, ఒట్టు వేయించుకుంది అంది.

ఆ ఒకతికి లోపల నెత్తురు పోతోంది, కేన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, చూడాలి, చూడకపోతే మనిషి పోతుంది అని చేతులు పట్టుకుని బతిమాలాను. ఒక్కొక్కరి ముఖమే చూశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న మనిషి కూడా లేదు. అందరూ తలలు వంచుకుని దుప్పట్లు మడతపెడుతున్నారు.

మార్చి 14, శుక్రవారం

మా ఆయనకు అంతా చెప్పాను. నీ అబద్ధం వల్లే కదా రోగం బయటపడింది, మంచిదేగా అని ఓదార్పు. ఎవరి రోగం? ఆ పేరే కదా లేనిది.

మార్చి 17, సోమవారం

వెళ్ళి నిజం చెప్పేశాను. నా ఉద్యోగానికి ఏమీ కాదు, మిమ్మల్ని కదిలించడానికి అలా అన్నాను, తప్పయింది అన్నాను.

తిట్టినా బాగుండేది. బొంగరం రోలరు ఆపి, అయితే మేం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా నర్సమ్మా అంది. మిగతావాళ్ళు నా వైపు చూడలేదు. మేస్త్రమ్మ నన్ను గడప దాటించి తలుపు వేసుకుంది.

మార్చి 19, బుధవారం

లాండ్రీ తలుపు తీయలేదు.

మార్చి 21, శుక్రవారం

మేస్త్రమ్మే క్లినిక్‌కు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పదకొండు కొత్త సీసాలు ఇమ్మంది.

ఒట్టు తప్పకూడదు, అలాగని మనిషిని పోగొట్టుకోనూ కూడదు, అందుకని ఈసారి అందరం ఇస్తాం, ఎవరిది వాళ్ళమే అంది. మేం పదిమందీ ఇస్తుంటే అది ఒక్కతీ ఎలా ఆగుతుందో చూస్తాను అంది. తెలిసేది ల్యాబులో తెలుస్తుంది. ఎవరూ నోరు జారినట్టు ఉండదు.

నెల రోజులు గొంతు చించుకుని నేను చేయలేనిది ఈవిడ నిలబడే తేల్చేసింది. దణ్ణం పెట్టబోయాను. నీ కోసం కాదు, దాని కోసం అనేసి వెళ్ళిపోయింది.

మార్చి 25, మంగళవారం

ఒక్కొక్కరే వచ్చి, ఎవరి సీసా వాళ్ళు నా చేతికి ఇచ్చారు. కాగితాల్లో చుట్టి, కొంగు చాటున పెట్టుకుని. ఒకావిడ సిగ్గుతో నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను.

బొంగరం అందరికన్నా చివర. సీసా బల్లమీద పెట్టింది, నా ముఖం చూడలేదు, ఒక్క జోకు వేయలేదు. అప్పుడే నాకు అర్థమైపోయింది.

మార్చి 28, శుక్రవారం

పది నెగెటివ్. ఒకటి పాజిటివ్.

మార్చి 29, శనివారం

బొంగరం ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. తన బట్టలు కూడా ఆసుపత్రి మడతలే పెడుతుంది, అంచుకు అంచు కలిపి. కబురు నేను చెప్పకముందే తెలుసులే అంది.

ఎనిమిది నెలలుగా పోతోందట. మొలలేమో అనుకున్నాను అంది. మళ్ళీ తనే, అనుకోలేదులే, పంతొమ్మిదేళ్ళుగా మరకలు చూస్తున్నాను, నాకా తెలియంది అంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇంత మాట ఎనిమిది నెలలు దాచింది.

ఎందుకే అన్నాను. ఎన్నాళ్ళ స్నేహమో అన్నట్టు అంత చనువుగా అనేశాను.

మంచాన పడితే నా దుప్పటి కిందికే పోతుంది కదా, మేస్త్రమ్మే మూట విప్పుతుంది, నా కంపు అందరూ దులుపుతారు, ఆ ముఖాలు మళ్ళీ ఎట్లా చూడను అంది.

మరి పదకొండు సీసాలూ నువ్వెందుకు నింపావు అని అడిగాను. నీ ఉద్యోగం కోసం కొంత అంది. దారం తెగిపోయిన కొంగు అంచు సరిచేసుకుంది. పదకొండిట్లో ఒక్కటైనా బాగుందని రాకపోతుందా అనుకున్నాను అంది.

నాకు ఏడుపు ఆగలేదు. తనే లేచి మంచినీళ్ళిచ్చింది.

ఏప్రిల్ 3, గురువారం

బొంగరానికి కొలనోస్కోపీ. గొట్టంతో లోపలంతా చూస్తారు. ముందురోజంతా పొడి కలిపిన నీళ్ళు తాగించి కడుపు ఖాళీ చేయించారు. నన్నే మిషన్లో వేసి తిప్పినట్టుంది, పిండి ఆరేయడమే తరువాయి అంది. నవ్వాను. ఆమె చెయ్యి మంచులా ఉంది.

లోపల గడ్డ ఉంది. ముక్క తీసి పంపారు.

ఏప్రిల్ 9, బుధవారం

కేన్సరే. పక్కలకు పాకినట్టు కనపడటం లేదు, వెంటనే తీసేస్తే బాగుపడే అవకాశం చాలా ఉంది, ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు అన్నాడు డాక్టరు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. నీకు పరీక్ష చేసినప్పుడు బాగానే వచ్చిందా అని అడిగింది. తన సంగతి వదిలేసి నా సంగతి! ఇంక నోటికి అబద్ధం రాలేదు. చేయించుకోలేదు, భయం, కిట్టు బీరువాలో ఉంది అన్నాను.

ఆమె అన్న మాట డైరీలో కూడా రాయలేను. అరగంట పాటు తిట్టింది. ఆ అరగంటా తన జబ్బు మరిచిపోయింది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆపరేషన్ అయింది. నాలుగు గంటలు. తెలివి వచ్చింది, నన్ను గుర్తుపట్టింది, మళ్ళీ తిట్టింది.

ఏప్రిల్ 24, గురువారం

లాండ్రీకి వెళ్ళాను. తలుపు తీశారు. బొంగరం ఉన్న వార్డు మూట అప్పటికే వచ్చేసిందట. బొంగరం దుప్పటి మీ చేతుల్లో పడుతుందని ఎంత కుమిలిపోయిందో మేస్త్రమ్మకు చెప్పాను. పిచ్చిది అంది. ఇవాళ ఆరు వార్డుల మూటలూ ఒకేసారి విప్పించి కుప్పలో కలిపేశానని చెప్పింది. మాకే తెలియదు, దాందేదో అంది.

మళ్ళీ పైకి వెళ్ళి ఈ మాట చెప్పాను. బొంగరం గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. తిరగమనలేదు నేను.

మే 16, శుక్రవారం, ఉదయం 6.40

నా సీసా తయారు. బొంగరం పొట్ట పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. బాత్రూం తలుపు బయట కుర్చీ వేయించుకుని కూర్చుంది. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగింది. నేనొక్కదాన్నే అన్నాను.