ఎడమది ఎడమకే

అమ్మాయి నాన్నగారికి,

నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మీ అమ్మగారు క్షేమం, అమ్మాయి క్షేమం. ఓడ మీద మీరు వేళకి తింటూ, వేళకి నిద్రపోతూ ఉన్నారని తలుస్తాను. రోజూ పొద్దున్నే మీ పేరు చెప్పుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. మనసు ఎలా ఉన్నా అది మాత్రం మానలేదు.

మీ ఉత్తరం కంపెనీ ఆఫీసు సంచిలో పోయిన మంగళవారం అందింది. అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఎనిమిది హెడ్‌ఫోన్ల గురించి, ఒకటి మీ అమ్మగారి మోకాలి గురించి. ముందు మోకాలి సంగతి రాస్తాను, అది తేలిక.

నొప్పి చాలావరకు తగ్గింది. డాక్టరు కర్ర పట్టుకోమన్నాడు. అత్తయ్య వినడం లేదు. “కర్ర పట్టుకుంటే ముసలిదంటారు” అని గోడ పట్టుకుని నడుస్తున్నారు. వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడుమెత్తున చేతి మరకలు వరసగా పడ్డాయి. అమ్మాయికి పళ్ళ డాక్టరు దగ్గర చేస్తున్న ఉద్యోగం ఖాయం చేశారు. జీతం సంగతి వచ్చే నెల చెబుతారట. మీరు దాని గురించి అడగలేదు కానీ, తెలియాలి కదా అని రాస్తున్నాను.

మీరు పంపిన పార్సిలు చేరింది. టెలిఫోను ఆపరేటర్లు పెట్టుకునే ఒంటిచెవి సెట్లు రెండూ బాగానే వచ్చాయి. ఒకదాని పట్టీ తుప్పు పట్టి ఉంటే నూనె గుడ్డతో రెండు రోజులు రుద్దాను, మెరుపు వచ్చింది. చెవిలో దూర్చుకునే చిన్నవి పదకొండు జతలే ఉన్నాయి. మీరు పన్నెండని రాశారు. ఒకటి మీ గదిలో ఉండిపోయిందేమో చూసుకోండి. వాటి నురగ తొడుగులు ముట్టుకుంటే పిండిలా రాలిపోయాయి. కొత్త స్పాంజి పలచగా కోసి తొడిగాను. జత మారిపోకుండా ఒక్కో జతా ఒక్కో అగ్గిపెట్టెలో పెట్టాను. అలమరలోని బూడిదరంగు దానికి ప్యాడ్లు కుట్టడం అయింది. మీరు పంపిన తోలు మందంగా ఉంది, నా పాత చేతిసంచి అస్తరు కోసి వాడాను. చూసేవాళ్ళకి తేడా తెలియదు.

అమ్మాయి వాటిని పిలిచే పేరు మారలేదు. “అమ్మా, నీ సవతులకి ఇవాళ స్నానాలయ్యాయా?” అంటుంది. మొన్న అత్తయ్య అది విని, “సవతే అయితే కనీసం ఒకపూట వంటైనా చేసేది కదే” అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. మీరు ఓడ కరెంటు పనిలో చేరి పద్దెనిమిదేళ్ళు. రేవు రేవుకీ పాతసామాన్ల కొట్లు వెతికి మీరు ఇవి కొని పంపడం, నేను కడిగి, కుట్టి, అతికి, విని అలమరలో పెట్టడం. ఈ ఇంట్లో మనిద్దరం కలిసి చేసిన కాపురం చాలావరకు ఇదే.

ఇక మీ అసలు ప్రశ్న. మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్నారు. పెద్దాయన ఎడమవైపు పలికిందా అని.

ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు. ఆ నల్లటి బరువైన జతకి పెద్దాయన అని పేరు పెట్టింది మీరే. దాని ఫోటో చూసి మీ పెద్ద ఇంజనీరుగారు మనసు పడ్డారు. దాన్ని పాడేలా చేసి ఇస్తే, రేవు ఆఫీసులో ఖాళీ అయ్యే ఒడ్డు ఉద్యోగానికి మీ పేరు రాస్తానన్నారు. “అది పలికితే నేను ఇంటికొచ్చినట్టే” అని మీరు రాసిన వాక్యం మా ముగ్గురికీ నోటికి వచ్చు. గత రెండు ఉత్తరాల్లో “చూస్తున్నాను” అని జవాబు రాశాను. అది అబద్ధం. రోజూ దేవుడి ముందు కూర్చునేదాన్ని, అబద్ధం రాశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మధ్యలో ఆపి పెద్దాయన కోసం కిందికి వెతక్కండి. వరసగా చదవండి.

నాలుగు నెలల కిందట ఒక సోమవారం పెద్దాయనకి ప్యాడ్లు బిగించి, ప్లేయరుకి తగిలించి, మీ పరీక్ష టేపు వేశాను. అంకెలు లెక్కపెట్టే మగమనిషి గొంతు కుడివైపు వచ్చింది. ఎడమవైపు రాలేదు. నాకు అప్పటికి రెండు రోజులుగా జలుబు. ఎడమ చెవి దిమ్మెక్కినట్టుంది, లోపల హోరు. జలుబుకి చెవులు మూసుకుపోవడం మామూలే కదా అనుకున్నాను. మీటరు పెట్టి చూస్తే రెండు వైపులూ బాగానే చూపించింది. కానీ మీ మాట ఉంది కదా. “మీటరు అబద్ధం చెప్పొచ్చు, చెవి చెప్పదు.” చెవినే నమ్మాను.

మర్నాడు బూడిదరంగుది తగిలించాను. దానికీ ఎడమవైపు లేదు. మూడోదానికీ లేదు. నాలుగోదానికీ లేదు. అన్నీ ఒకేసారి ఎలా పాడవుతాయి, ప్లేయరుకి వైరు గుచ్చే రంధ్రంలో లోపం ఉందనుకున్నాను. తిరగేసి పెట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అది నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం బల్ల ముందు గోడకి మీ చేతిరాతతోనే ఉంది. “ఎడమది ఎడమకే. ఎప్పుడూ తిరగేసి పెట్టుకోరాదు.” ప్యాడు చెవి ఆకారానికి అలవాటు పడుతుందని మొదటి సెలవులో మీరు నేర్పిన పాఠం. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నేను దాన్ని దాటలేదు.

నాలుగో రోజు మీ ఫోను వచ్చింది. మీకు గుర్తుందో లేదో. నాకు ఒక్కో మాటా గుర్తుంది.

“ఎడమవైపు ఒక్కటీ పలకడం లేదండీ” అన్నాను. “పైగా హోరు. లేచి నిలబడితే తల తిరుగుతోంది.”

“హోరంటే ఎర్తు. ప్లేయరు వెనక ఎర్తు వైరు వదులై ఉంటుంది, చూడు.”

“అవి తీసి పక్కన పెట్టాక కూడా హోరు ఉంటోందండీ.”

“తీసేశాక హోరేంటే, పిచ్చిదానిలాగా. విన్నది చెవిలో కాసేపు ఉండిపోతుంది. ఇదిగో చూడు, ఆయన ఈ నెలలోనే కావాలంటున్నాడు. తల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పెద్దాయన ఎడమవైపు విప్పు.”

లైను తెగిపోయింది. మీరు విప్పమన్నారు, విప్పాను.

లోపలి తీగ మీకు తెలియనిది కాదు, తలవెంట్రుకలో సగం ఉంటుంది. తల తిరుగుతూనే ఉంది. రెండు మోచేతులూ బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి టంకం వేసే వేడి కడ్డీ ఆనించాను. చెయ్యి తూలింది. తీగ చుట్ట మొదట్లోనే తెగింది. కొస పట్టుకుని లాగబోతే లోపలికి పోయింది. శబ్దం పలికించే పల్చటి పొర మీద కడ్డీ తగిలి చిల్లు పడింది. ఆ రోజు అన్నం తినలేదు. మీ ఒడ్డు ఉద్యోగం నా చేతిలో తెగిపోయిందని ఏడ్చాను. చెవి గురించి ఏడవాలని నాకు అప్పటికి తెలియదు.

తర్వాత పదిహేను రోజులు ఎర్తు వైరు మార్చాను, ప్లేయరు రంధ్రం మార్చాను, పెద్దాయనకి వేరే పొర వెతికాను. దేవుడి ముందు కూర్చుంటే నా గొంతే నాకు ఒక పక్క నుంచి వినిపించేది. అయినా జలుబనే అనుకున్నాను.

వీధి మలుపులో గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నారు కదా, తన పాత జతకి ప్యాడ్లు కుట్టమని ఇచ్చారు. తీసుకెళ్దామని వచ్చి, బల్ల దగ్గరే పెట్టుకుని చూసుకున్నారు.

“బాగా కుట్టావమ్మా. రెండు వైపులా గంటలా ఉంది.”

“ఎడమవైపు రావడం లేదు అన్నయ్యగారూ. ఇంకో రెండు రోజులు ఉంచండి” అన్నాను.

“వస్తుంటే రావట్లేదంటావేంటి? నువ్వే చూడు.”

తీసి నా చేతికి ఇచ్చారు. తిరగేసి ఇచ్చారు. పరాయి మనిషి ముందు సరిచేసుకోవడానికి మొహమాటపడి అలాగే పెట్టుకున్నాను. అప్పటిదాకా మూగదనుకున్న డొప్ప నా కుడి చెవిలో ఒకటి, రెండు, మూడు అని చక్కగా లెక్కపెడుతోంది. బాగా పలికే డొప్ప ఎడమ చెవి మీద చచ్చినట్టు పడి ఉంది. పదమూడు దాకా విన్నాను. తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. మెల్లగా, “నా దగ్గరికి వాచీ వస్తే ముందు నా కళ్ళజోడు తుడుచుకుంటానమ్మా. ఆ తర్వాతే వాచీ విప్పుతాను” అన్నారు. నన్ను దెప్పాలని అనలేదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళమన్నారు.

అమ్మాయి సెలవు పెట్టి తీసుకెళ్ళింది. చెవి పరీక్షకి గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లే పెట్టారు. ఎరుపు కుడికి, నీలం ఎడమకి. నీలం వైపు ప్యాడు చిరిగి పత్తి బయటికి వచ్చి ఉంది. నాలుగు కుట్లు వేస్తే సరిపోతుందని నా చేతులు అనుకున్నాయి. శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమంది పరీక్ష చేసే పిల్ల. కుడివైపు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

“మొదలుపెట్టమ్మా” అన్నాను.

ఆ పిల్ల తలుపు తీసుకుని వచ్చి, “అయిపోయిందండీ” అంది.

డాక్టరు ఎన్నాళ్ళయిందని అడిగాడు. మూడు వారాలు దాటిందన్నాను. ఇలా ఉన్నట్టుండి చెవి పోయినప్పుడు మొదటి వారంలో వస్తే మందుకి కొంతైనా తిరిగి వచ్చే వీలుందని, ఇంత ఆలస్యమయ్యాక ఆశ తక్కువని చెప్పాడు. “ఇన్నాళ్ళు ఏం చేశారు?” అన్నాడు. ఎర్తు వైరు మార్చానని చెప్పడానికి సిగ్గేసింది. మాత్రలు పూర్తిగా వాడాను. తిరిగి రాలేదు. ఇక రాదని పోయిన నెల తేల్చి చెప్పాడు. ఉన్న చెవిని కాపాడుకోమన్నాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకోవద్దన్నాడు.

అత్తయ్యకి చెప్పాను. “నాకు కదే పోవాల్సింది. విని చేసేదేముంది నాకు” అన్నారు. “వాడికి రాయి” అన్నారు. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాస్తే మీరు బాధపడతారని ఆగాననుకున్నాను. కానీ దేవుడి ముందు నిజం ఒప్పుకోవాలి. మీరు ముందు ఏది అడుగుతారో అని భయపడి ఆగాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మీ మీద కోపం పెట్టుకుని దేవుడి ముందు కూర్చుంటున్నాను. తప్పని తెలుసు. పోవడం లేదు. మీరు కావాలని చెయ్యలేదు. దూరం నుంచి హోరంటే మీకు వైరే గుర్తొచ్చింది. చెవి ఎవరిదో గుర్తు రాలేదు. దాన్నే నేను మరిచిపోలేకపోతున్నాను.

పెద్దాయన ఇక పలకదు. దానికీ నాకూ ఒకే వైపు పోయింది. మీ పెద్ద ఇంజనీరుగారికి నిజం చెప్పండి. ఒడ్డు ఉద్యోగం రాకపోతే రాకపోనివ్వండి, దానికోసం ఇంకోదాన్ని విప్పమని నన్ను అడక్కండి. ప్యాడ్లు కుడతాను, తుప్పు తుడుస్తాను, ఆ చేతిపని నాకు ఇష్టమే. విని చెప్పే పని మాత్రం ఇక నాది కాదు. గోడ మీది మీ చీటీ నేనే తీసేశాను.

ఫోను చెయ్యకండి. ఇంజన్ల చప్పుడులో ఒంటిచెవితో మీ మాట సగమే అందుతుంది, రెండోసారి అడిగితే మీరు విసుక్కుంటారు. ఉత్తరం రాయండి.

ఎప్పటికైనా మీరు ఇంటికి వస్తారు. ఒక సంగతి ఇప్పుడే తెలుసుకుని రండి. భోజనాల దగ్గరైనా, మంచం మీదైనా ఇన్నేళ్ళూ మీరు నాకు ఎడమవైపే ఉన్నారు. ఇక అక్కడి నుంచి ఏం చెప్పినా నాకు వినపడదు. మాట్లాడాలంటే లేచి, చుట్టూ తిరిగి, కుడివైపుకి రావాలి. నాలుగడుగులు వెయ్యాలి. ఇన్నాళ్ళూ మీవైపు తిరుగుతూ వచ్చింది నేను. ఇక తిరగలేను.

ఇట్లు,
మీ ఇంటి మనిషి