డెబ్బయి నిండకముందు పెట్టిన దరఖాస్తు గురించి

బ్యాంకు ప్రాంతీయ అధికారి గారి సముఖమునకు,

విషయం: ప్రభుత్వ హామీతో ఇచ్చు చిన్న వ్యాపార రుణం – వయస్సు మించినదని నిరాకరణ – పునఃపరిశీలన కోరుట గురించి.

అయ్యా,

నేను పట్టభద్రురాలను. ముప్పై ఒక్క సంవత్సరాలుగా పుస్తకాల బైండింగు షాపు స్వయంగా నడుపుచున్నాను.

1. కటింగ్ మిషను కొనుటకై అరవై తొమ్మిది సంవత్సరాల ఏడు నెలల వయస్సులో దరఖాస్తు చేసితిని. ఈ పథకంలో డెబ్బయి నిండకముందే రుణం మంజూరు కావలెను.

2. మిషను అమ్మువారి కొటేషను ముప్పై రోజులే చెల్లును. ఫైలు పై ఆఫీసుకు వెళ్లి వచ్చుటకు నలభై రోజులు పట్టును. కావున ప్రతిసారీ "కొటేషను గడువు తీరినది, కొత్తది జతపరచవలెను" అన్న చీటీతో తిరిగి వచ్చినది. నాలుగు కొటేషన్లు తెచ్చితిని. నాలుగవది ఫైలులో ఉండగా నాకు డెబ్బయి నిండినవి. ఈ లెక్కన యాభైయవది తెచ్చినా ఇంతేనని బ్యాంకులో ఎవరికీ తోచలేదు.

3. ఈ రుణాలు చూసే ఆఫీసరు గారు మర్యాదస్తులే. కుర్చీ వేయించి మరీ చెప్పారు.

"అమ్మా, మీ అబ్బాయి పేరు మీద పెట్టేయండి. వారంలో అయిపోతుంది."

"నాకు పిల్లల్లేరు నాయనా."

"పోనీ తమ్ముడి కొడుకో, ఎవరో ఒకరు. పేరుకే కదండీ!"

"పేరుకే అయితే నా పేరుకేం తెగులొచ్చింది?"

ఆయన నవ్వారు. నవ్వుతూనే ఫైలు మూసేశారు.

4. చేత్తో కోసిన అంచులు వంకరపోవుచున్నవని రెండు బడులు నోటు పుస్తకాల పని మాన్పించినవి. మూడవది ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నది. అదీ పోయినచో షాపు మూసి, పాతికేళ్లుగా నాతో కుడుతున్న ఇద్దరు ఆడవాళ్లను ఇంటికి పంపవలసి వచ్చును.

కనుక నా వయస్సును దరఖాస్తు ఇచ్చిన తేదీకి లెక్కించవలసినదిగా కోరుచున్నాను. దయ చూపమనుట లేదు, తేదీ చూడమంటున్నాను. జరుగునన్న ఆశ పెద్దగా లేదు. అడగలేదన్న మాట మిగలకూడదని మాత్రమే ఈ అర్జీ. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బైండింగు షాపు యజమానురాలు

తా.క. మొన్న కాగితం కోస్తుంటే కత్తి జారింది. కుడిచేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఇదంతా నేను చెబుతుంటే, ఆ ఇద్దరిలో పెద్దామె రాసింది. నాలుగో సంగతి దగ్గర ఆమె కలం ఆగింది. నేను చూడనట్టే తరువాతి మాట చెప్పాను. సంతకం మాత్రం ఎడమచేత్తో నేనే పెట్టాను. నమూనా సంతకంతో సరిపోలేదని దీన్ని కూడా తిప్పి పంపకండి బాబూ.