చెంప కింద చెయ్యి

నవంబర్ 4
బీఎఫ్ఏ చదివినందుకు తొలి గౌరవం దక్కింది: మా చర్చి గోడ. పాస్టర్ గారు ఫోన్‌లో పంతొమ్మిదో శతాబ్దపు రియలిస్టు పెయింటింగ్ చూపించారు. చనిపోయిన పిల్ల, మంచం పక్కన తండ్రి, అప్పుడే లోపలికొచ్చిన యేసు. ఇంకా పిల్లను బతికించి లేపలేదు. క్రిస్మస్‌కల్లా అచ్చం ఇదే కావాలట. గంభీరంగా తలూపాను. నడుం ఇప్పట్నుంచే నొప్పి.

నవంబర్ 9
రియలిజం అంటే ముఖాలు ఊహించకూడదు, మనుషుల్ని నిలబెట్టి గీయాలి. యేసు దొరికాడు: పర్ణశాల దారిలో టీ కొట్టు కోటేష్. తిరుపతి మొక్కుకు పెంచిన జుట్టూ గడ్డమూ. జల్దీ కానియ్యి తమ్మీ, పొయ్యి మీద పాలున్నయ్ అన్నాడు.

నవంబర్ 15
చనిపోయిన పిల్లగా పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నీ బొమ్మ పాడుగాను, బతికున్న పొల్లను పీనుగు లెక్క పండబెడ్తవా అంది పక్కింటి కన్నమ్మ. న్యాయమే.

నవంబర్ 16
తండ్రిగా నిలబడుతున్న ఆంథోని పెదనాన్న ఫోటో తెచ్చాడు. వాళ్ల కూతురు మహిమ. పోయిన వానాకాలం జ్వరంతో పోయింది. శవం పెట్టె చుట్టూ అందరం నిలబడి తీయించుకున్నది, మావాళ్లలో ఆనవాయితీ. వెనక వరుసలో నేనూ ఉన్నాను, కెమెరా వైపు చూస్తూ. దీన్ని జూసి గియ్యి బిడ్డా, గోడ మీదన్నా లేస్తదేమో అన్నాడు.
జోక్ తట్టలేదు.

నవంబర్ 28
నా యేసు తిరుపతి వెళ్లి గుండుతో తిరిగొచ్చాడు. జుట్టు ఇక జ్ఞాపకం మీదే. రియలిజానికి క్షమాపణలు.

డిసెంబర్ 12, మధ్యాహ్నం
బొమ్మ అయిపోయింది. రోజూ నాకు అన్నం క్యారియర్ గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లే సంపూర్ణ పెద్దమ్మ, మహిమ వాళ్లమ్మ, ఈరోజు లోపలికొచ్చింది. చాలాసేపు చూసింది. నా బిడ్డ గిట్ల ఎప్పుడు పండుకుంది రా, ఎల్లెలకల, చేతులు కట్టుకొని? గిది మీరు పెట్టెల పెట్టిన తీరు. అది పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకొని పంటది. చొంగ గూడ కారుస్తది అంది. అంటూ నవ్వింది. క్యారియర్ ఇవ్వడం మరిచి, చేత్తోనే పట్టుకుని వెళ్లిపోయింది.


డిసెంబర్ 13
పిల్లను మొత్తం చెరిపేశాను. చేతులు పడిపోతున్నాయి.

డిసెంబర్ 21
మళ్లీ గీశాను. పాస్టర్ గారికి నచ్చలేదు. ఒరిజినల్ల గిట్ల లేదు కదయ్యా, పిల్ల హాయిగ పండుకున్నట్టుంది, ఇగ అద్భుతం ఏముంటది అన్నారు. బైబిల్లో ప్రభువు అన్నదీ అదే కదండీ, పిల్ల చనిపోలేదు, నిద్రపోతోందని, అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆదివారం జనం నవ్వితే మాత్రం సున్నం కొట్టిస్తా అన్నారు.

డిసెంబర్ 24, ఆదివారం
కీబోర్డూ డోలకూ హోరెత్తుతుంటే, మొదటి వరుసలో పెద్దమ్మ గోడ మీది పిల్లను చూసి, వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టింది.
పాట తగ్గింది. పాస్టర్ గారు మైకు ఆపి, ప్రసంగం మెల్లగా చెప్పారు.