పాత అడ్రసులోనే ఉన్న పెట్టె

ఒరే తమ్ముడూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజైనా నిన్ను తిట్టకూడదనుకున్నాను. నీ పెట్టె తిట్టిస్తోంది.

ఇంట్లో ఫోటోలు, వీడియోలు అన్నీ దాచడానికి రూటర్ పక్కన పెట్టావే, ఆ నల్ల డ్రైవ్. ఆయుధపూజకు నువ్వు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా దాని నెత్తినే ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది, కంప్యూటర్‌లో మాత్రం కనపడదు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను, స్విచ్ ఆపి మళ్లీ వేశాను, విసుగొచ్చి రెండు దెబ్బలు కూడా వేశాను. ప్రొద్దుటూరు బజారులో కంప్యూటర్ షాపాయన దాన్ని చూడకుండానే "పోయింటాదిలేమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. నువ్వు చెక్కభజన ఆడిన వీడియో చూడాలని అమ్మ పొద్దుటినుంచి కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఏందిమే, ఇంకా రాలేదా?" అని ఒకటే పోరు.

చివరికి నీ స్నేహితుడు ఖాదర్‌ను జమ్మలమడుగు నుంచి పిలిపించాను.

"దీనికేం కాలేదక్కా. మీరు కొత్త రూటర్ పెట్టినాక ఇంట్లో అన్నిటికీ నెట్‌వర్క్ అడ్రసు మారింది. వాడు దీనికి మాత్రం మారకుండా ఒకటే అడ్రసు ఖాయం చేసి పెట్టినాడు. ఇది ఇంకా ఆడనే ఉండాది."

కంప్యూటర్‌ను ఆ పాత అడ్రసుకు మార్చగానే కాళ్లకు గజ్జెలతో నువ్వు వచ్చేశావు. అమ్మ పోరు ఆగిపోయింది.

"పెట్టెకు గూడా కొత్త అడ్రసు ఇచ్చేస్తానక్కా. లేకుంటే పాత అడ్రసులో ఉండే ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ రాదు" అన్నాడు ఖాదర్.

"దాన్ని ముట్టుకోవద్దప్పా" అన్నాను.

ఇంటర్నెట్ రావట్లేదు. రాకపోతే పీడా పోయె.

నీ అక్క