‘రామ్మా’ అన్నావిడ

అమ్మకు,

నేనిక్కడ క్షేమం, నువ్వూ తమ్ముడూ అక్కడ క్షేమమని తలుస్తాను. ఈ ముక్క లేకపోతే నువ్వు బెంగపడతావని ముందే రాసేశాను. ఫోనెందుకు చెయ్యవని అడిగావు. చేస్తే నా గొంతే నన్ను పట్టిచ్చేస్తుంది, అందుకని ఉత్తరం.

నా ఉద్యోగమేమిటో నీ తోటి కండక్టర్లకు చెప్పలేకపోతున్నానన్నావు. సైబర్ సెక్యూరిటీ కన్సల్టెంట్ అని చెప్పు. అర్థం కాకపోతే, కంపెనీలవాళ్ళే పిలిచి "మా ఆఫీసులోకి దొంగ ఎలా దూరగలడో మీరు దూరి చూపించండి" అంటారని చెప్పు. ఇంత చదివి దొంగతనాలకు వెళ్తోందా అంటారేమో, అననీ. అన్నట్టు, ఓటీపీ ఎవరడిగినా చెప్పకు, తమ్ముడి పేరు చెప్పి అడిగినా సరే.

తింటున్నాను. గది బాగానే ఉంది, కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. ఆఫీసులో పక్క సీటతను కూడా ఏదైనా కావాలంటే మెసేజే పెడతాడు. కొన్ని సాయంత్రాలు నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.

ఎవరైనా పలకరిస్తున్నారా అని అడిగావు చూడు, దానికి జవాబు రాయలేకే ఇంతసేపు డొంకతిరుగుడు.

ఒకావిడ పలకరించింది. పోయిన నెల నన్నో కంపెనీకి పంపారు. కార్డు లేకుండా లోపలికి వెళ్ళగలనేమో చూడటం నా పని. రెండు అట్టపెట్టెలు మోస్తూ తలుపు దగ్గర నిలబడ్డాను. అకౌంట్స్ ఆవిడ, నీ వయసే ఉంటుంది, తన కార్డుతో తలుపు తీసి, భుజంతో ఆపి పట్టుకుని, "అయ్యో, రామ్మా! కొత్తగా చేరావా? ఒకటిలా ఇవ్వు" అంది. అందుకుని, "ఇంత తేలిగ్గా ఉందేంటి, గాలి మోస్తున్నావా?" అని నవ్వింది. రెండూ ఖాళీవే మరి. "ముఖం పీక్కుపోయింది, ఏమైనా తిన్నావా?" అని కూడా అడిగింది. ఈ ఊరొచ్చాక ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. తిన్నానని అబద్ధం చెప్పి, దొంగ ఇక్కడిదాకా రాగలడనడానికి రుజువుగా, ఎవరూ లేని ఓ కంప్యూటరుకు నేను తెచ్చిన పరికరం తగిలించి వచ్చేశాను.

రిపోర్టులో ఆవిడ ఎవరో రాయలేదు. రాయకపోతే మాత్రం? తలుపుపైన కెమెరా ఉంది.

నిన్న మళ్ళీ వెళ్ళాను, లోపం సరిదిద్దుకున్నారో లేదో చూడటానికి. అవే పెట్టెలు, అదే తలుపు. ఆవిడే వచ్చింది. నన్ను గుర్తుపట్టింది కూడా. "కార్డు చూపించండి" అంది. రామ్మా అన్న మనిషి, అమ్మా, "చూపించండి" అంది. లేదన్నాను. తను లోపలికి వెళ్ళి, తలుపు సరిగ్గా పడిందో లేదో చేత్తో నొక్కి మరీ చూసుకుంది.

"నీ రిపోర్టు భలే పనిచేసింది" అని మా మేనేజరు మెచ్చుకున్నాడు. ఆవిడ ఉద్యోగం పోలేదు, అదొక్కటే ఊరట. కానీ ఈ ఊళ్ళో నాకు తలుపు తీసిన ఒక్క మనిషికి, తీయకూడదని నేర్పింది నేనేనమ్మా. టికెట్ లేనివాళ్ళను బస్సు దింపేసిన రోజు నీకు అన్నం సయిస్తుందా? ఇన్నాళ్ళూ అడగనేలేదు నిన్ను.

సెలవు దొరగ్గానే వస్తాను. ఎవరో చూడకుండా తలుపు తీయొద్దని నీకు పదేపదే చెప్పింది నేనే. నేను కొట్టినప్పుడు మాత్రం, ఎవరని అడక్కుండా తీసెయ్యి.

ఇట్లు,
నీ దొంగ కూతురు