అత్తయ్య నీళ్ళగిన్నె

నవంబర్ 21
కిమ్చీ పచ్చడి కోసం ఉప్పులో నానేసిన క్యాబేజీల తొట్టె జరపబోయి, మా ఆయన జోంగ్‌మిన్ తల పట్టుకుని పెరట్లోనే కూలబడ్డాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆపరేషన్ అయింది. కళ్ళు తెరవలేదు.

నవంబర్ 22, ఉదయం ఐదు
చర్చిలో తెల్లవారుజాము ప్రార్థన. అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు.

ఆయన ఎప్పుడూ లోపలికి వచ్చేవాడు కాదు. నన్ను దింపి, బయట కారులో సీటు వాల్చుకుని గురక పెట్టేవాడు. మీ దేవుడికి నిద్రపట్టదా ఏంటే అనేవాడు. ఇవాళ బస్సులో వచ్చాను.

నవంబర్ 24
ఐసీయూ బయట అత్తయ్య విరుచుకుపడింది. పెద్దల తద్దినంనాడు కోడలు సాష్టాంగపడకపోతే ఇంటికి ఇలాంటివే జరుగుతాయట. అంత పగబట్టే పెద్దలకి అన్నం పెట్టడమెందుకన్నాను. అనకూడదు. అన్నాను.

సాయంత్రం అత్తయ్య ఇంటికెళ్ళి ఒక్కతే కూర్చుని క్యాబేజీలన్నిటికీ కారం పట్టించింది. వాడు లేచాక తినడానికట.

నవంబర్ 27
చర్చికి పోలేదు. ఇక పోను.

నవంబర్ 30
చర్చి పెద్దావిడ హ్వాంగ్ గారు ఫోన్ చేసింది. గొంతు నిండా కోపం. అత్తయ్య రోజూ చీకటితోనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటోందట. బైబిల్ పెట్టుకునే బల్ల మీద తెల్లగిన్నెలో నీళ్ళు పెట్టి, అరచేతులు రుద్దుకుంటూ గొణుగుతోందట. పెరట్లో పచ్చడి జాడీల దగ్గర ఆవిడ ఎప్పుడూ మొక్కే మొక్కు అది. దాన్ని చర్చికి మోసుకెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది.

గిన్నె తియ్యమంటే అత్తయ్య అడిగిందట: "ఏం, మీ దేవుడికి దాహం వెయ్యదా?"

పాస్టర్ గారు వచ్చి పక్కన కూర్చున్నారట. "వేసిందమ్మా, సిలువ మీద. మంచినీళ్ళు ఎవరూ ఇవ్వలేదు" అన్నారట. గిన్నె అక్కడే ఉంచమన్నారట.

ఫోన్ పెట్టేసి భోరుమని ఏడ్చాను. ఆయన పడిపోయాక ఇదే మొదటిసారి.

డిసెంబర్ 2
వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చున్నాను. నా మొహం చూడలేదు. గిన్నె మాత్రం కాస్త నా వైపు జరిపింది. ప్రభువా, అన్నాను. అంతే వచ్చింది.

డిసెంబర్ 5
ఇక లేవడని డాక్టర్ చెప్పేశాడు. అత్తయ్య విననట్టే కొడుకు కాళ్ళకి మేజోళ్ళు తొడుగుతూ కూర్చుంది. నాకు ఒకటే బెంగ. ఆయన ఒక్కసారైనా చర్చి గడప తొక్కలేదు. ఆ మాటే పైకి అనేశాను.

"ఇన్నేళ్ళు వాకిట్లో కాచుకున్నవాణ్ణి లోపలికి రమ్మనకపోతే మీ దేవుడేం పెద్దమనిషే?" అంది.

రెండో మేజోడు తొడిగి, నేను తద్దినంలో పెట్టే అన్నం అక్కడికి చేరుతుందా అని అడిగింది. అక్కడ ఆకలుండదు అత్తయ్యా అన్నాను.

"అయితే నాకూ అక్కడే చోటడుగు. వాడు ఆకలికి ఆగలేడు. నిజమో కాదో నేను చూసుకోవాలి."

ఇద్దరం ఆయన మంచానికి తలలానించి ఏడ్చాం.

డిసెంబర్ 6
పోయాడు.

డిసెంబర్ 9
మీ చర్చి పద్ధతిలోనే సాగనంపుదాం అంది అత్తయ్య. చుట్టాలు సణిగారు. కొడుకు ఫొటో ముందు ఆవిడ సాష్టాంగపడలేదు. తెల్ల చామంతి పెట్టి, అరచేతులు రుద్దుకుంటూ నిలబడింది.

ఇంటికొచ్చి జాడీ తెరిచాను. కిమ్చీ చక్కగా పులిసింది. ఆయనకి అలాగే ఇష్టం. దేవుడున్నాడు, తెలుసు. అయినా ముద్ద దిగలేదు.

డిసెంబర్ 12, ఉదయం నాలుగున్నర
లేవలేకపోతున్నాను. అత్తయ్య గిన్నె పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. నేను మానేసినన్నాళ్ళూ ఒక్కతే వెళ్ళిన మనిషి. చర్చికి దారి తెలీదంటోంది.

కోటు ఎక్కడ పెట్టానో.